పసుపు గురించి మిగిలిన సగం

మొన్న మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వీడియో పెట్టారు. పసుపులో ఉండే పదార్థం రొమ్ము క్యాన్సర్‌ను కరిగించేస్తుందట. దాని కింద మా బాబాయి, "అమ్మాయ్, నువ్వు చదివింది ఇదేగా, నిజమేనా?" అని నన్ను అడిగాడు. జవాబు రాద్దామని ఫోను తీశాను గానీ, అంతకన్నా ముందు సాన మీద అరగదీసిన పసుపుకొమ్ము వాసన గుర్తుకొచ్చింది. ఆ వాసన మా మేనత్తది.

పాప కడుపులో ఉండగా పురిటికి రాజమండ్రిలోని మా పుట్టింటికి వచ్చాను. అమ్మది టీచరు ఉద్యోగం, అన్నాళ్లు సెలవు దొరకదు. నాన్నగారి అక్క పాలకొల్లు దగ్గర పల్లెలో ఒక్కతే ఉండేది. "బళ్లో పిల్లల్ని మీ అమ్మ చూసుకుంటుంది, ఇంట్లో పిల్లల్ని నేను చూసుకుంటాను" అంటూ ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో సానరాయి పట్టుకుని బస్సు దిగింది. ఇంట్లో మిక్సీ ఉందిగా అత్తా అంటే, "మిక్సీతో పురుడు పోస్తారటే?" అంది. రోజూ పీట మీద కూర్చుని కాళ్లు చాపుకుని, వాటి మీద పాపను బోర్లా పడుకోబెట్టి నలుగుపెట్టి నీళ్లు పోసేది. నాకేమో అన్నీ భయాలే. చెవిలోకి నీళ్లు పోతాయేమో, మెడ పట్టేస్తుందేమో, నీళ్లు మరీ వేడేమోనని పక్కనే నిలబడి గొణిగేదాన్ని. "నీ పీజీ అవతల పెట్టి ఆ తువ్వాలు ఇటివ్వవే" అనేది. పక్కింటావిడ వస్తే మాత్రం, "మా మేనకోడలు పసుపు మీద పీజీ చేసిందండి" అని గొప్పగా చెప్పేది. "అదేంటండీ, మేం చదవకుండానే కూరలో వేసేస్తున్నాం" అని ఆవిడ నవ్వేది.

అత్త ఒంటి మీద ఎప్పుడూ పసుపు వాసనే. జాకెట్టుకు ఎడమవైపు ఉతికినా పోని పసుపు మరక ఉండేది. పాపకు రాసిందే అంటుకుందనుకున్నాను. ఒకరోజు సాన మీద కొమ్ము అరగదీస్తూ, తల ఎత్తకుండానే అడిగింది. "ఏమే, పసుపుతో గడ్డలు కరుగుతాయంటావా?" నాకు హుషారొచ్చింది. పెళ్లయ్యాక నా చదువు గురించి ఎవరడిగారని! "గాజు పళ్లెంలో రొమ్ము క్యాన్సర్ కణాలు పెంచి, పసుపులోంచి తీసిన పదార్థం వాటి మీద వేస్తే కొన్ని చచ్చిపోయాయత్తా" అన్నాను. "చచ్చాయన్నమాట" అంది, తనలో తాను అనుకున్నట్టు. పళ్లెం వేరు, మనిషి ఒళ్లు వేరు. తిన్నా రాసినా పసుపు గడ్డ దాకా చేరేది బహు తక్కువ అని చెప్పబోతుండగా పాప గుక్కపట్టి ఏడ్చింది. లేచి వెళ్లాను. మిగతా సగం నోట్లోనే ఉండిపోయింది.

మావైపు పురిటింట్లో చెడ్డమాట అనకూడదు. వింటే బాలింతకు పాలు ఆగిపోతాయంటారు. ఐదో నెలలో పాపతో నన్ను అత్తవారింటికి పంపించి, మా కారు వీధి మలుపు తిరిగాకే అత్త అమ్మను గదిలోకి పిలిచి జాకెట్టు విప్పి చూపించిందట. నేను పరుగున వెనక్కి వచ్చాను. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు గారు, "చంకలోకి కూడా పాకిందమ్మా. ఇన్నాళ్లూ ఏం చేశారు?" అని విసుక్కున్నారు. అత్త ఎంతో మర్యాదగా, "పురుడు పోశానండి" అంది.

ఆపరేషన్ అయింది. తర్వాత సెలైన్‌లో మందు ఎక్కిస్తుంటే నేను పక్కన కూర్చున్నాను. ఇదేం మందే అంది. ఒక చెట్టు బెరడులో దొరికిందత్తా అన్నాను. "ఇదీ చెట్టుదేనా? మరి నా పసుపేం పాపం చేసిందే?" అప్పుడు చెప్పాను. బెరడులో ఉన్న మందును విడిగా తీసి, కొలిచి, ఎంతోమంది రోగుల మీద ఏళ్ల తరబడి పరీక్షించాకే ఈ సీసాలోకి వచ్చిందని, పసుపు ఇంకా ఆ పరీక్షల్లోనే ఉందని, బెరడు నమిలినా కొమ్ము అరగదీసినా మందు కాదని. అంతా విని, "ఈ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా" అని నవ్వింది. "పాప ఏడ్చిందత్తా" అన్నాను. "అవునవును, ఏడ్చింది. పాలు ముందు కదా" అని కళ్లు మూసుకుంది. ఆ మాటలో నిష్ఠూరం ఉందేమోనని ఇప్పటికీ వెతుకుతుంటాను. దొరకదు. దొరికితే కొంత తేలికపడేదాన్నేమో.

ఇప్పుడు అత్త బాగానే ఉంది. పరీక్షలకు వెళ్లొచ్చినప్పుడల్లా ఏమీ లేదన్నారని ఫోను చేస్తుంది. చంకలోవి కూడా తీసేయడంతో ఎడమ చెయ్యి మాత్రం వాచి బరువెక్కింది. ఎత్తుకోమని పాప చేతులు చాస్తే, తనే కింద కూర్చుని కాళ్లు చాపి, "రావే, ఎక్కు" అంటుంది. పాప ఆ కాళ్ల మీదెక్కి గుర్రం ఆట ఆడుతుంది. నేను వంటింట్లోకి వెళ్లి ఏదో ఒకటి సర్దుతాను.

బాబాయికి జవాబు చాలా పొడుగ్గా రాశాను. గడ్డ తగిలితే ముందు డాక్టరు, ఇంట్లో పురుడున్నా పెళ్లున్నా సరే అని కూడా రాశాను. ఎవరూ చదివినట్టు లేదు, అందరూ దండాలు పెట్టేసి ఊరుకున్నారు. అత్త ఒక్కతే వాయిస్ మెసేజ్ పంపింది. "ఈసారి పూర్తిగా చెప్పావే."

పాపకు మూడేళ్లు నిండాయి. అందులో మొదటి ఐదు నెలలు అత్తవి. అవి మేము ఖర్చుపెట్టేశాం.