పండకముందే కోసిన సాక్ష్యం

సహోదరులారా, అక్కలారా, పోయిన ఏడాది క్రిస్మస్‌కి ముందు ఇదే చోట నిలబడి నేను చెప్పిన సాక్ష్యం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. దేవుడు నన్ను తాగుడు నుండి పూర్తిగా విడిపించాడని చెప్పాను. మీరంతా ఆమేన్ అన్నారు. అప్పటికి నేను మందు మాని ఇరవై రోజులే!

అంతకుముందు నా బ్రతుకు మీరు చూసిందే. తాగి రావడం, నా భార్య రత్నకుమారి మీద చెయ్యి చేసుకోవడం, తెల్లారాక ఏడవడం. ఆమె విసిగిపోయి మా అమ్మాయి కెజియాను తీసుకుని సింగరాయకొండలో పుట్టింటికి వెళ్లిపోయింది. వాళ్లను తిరిగి తెచ్చుకోవాలన్న తొందరలోనే నేను ఆ సాక్ష్యానికి లేచాను. దాని సంగతి ఫోనులో విని రత్నం నమ్మి వచ్చింది. పది రోజులు తిరగకుండానే నేను తాగి వచ్చి, కూర బాగాలేదని అన్నం గిన్నె విసిరాను. అది వెళ్లి కెజియా భుజానికి తగిలింది. ఆరేళ్ల పిల్ల! ఏడవను కూడా లేదు, వాళ్లమ్మ వెనక్కి వెళ్లి నిలబడింది. మరునాడు పొద్దున బస్సెక్కుతూ రత్నం ఒక్కటే మాట చెప్పింది.

"మీరు రావద్దు, మాటివ్వద్దు, సాక్ష్యం అసలే వద్దు. నాకు నమ్మకం కుదిరినప్పుడు నేనే వస్తాను."

సిగ్గుతో నేను గుడికి రావడం మానేశాను. అప్పుడు మన పాస్టరు అయ్యగారు మా మిరప కళ్లానికి వచ్చి, ఎండుతున్న కాయల పక్కన నాతోపాటు నేల మీదే కూర్చున్నారు.

"ఏరా, సగం పండిన కాయ కోసి ఇక్కడ పోస్తే ఏమవుద్ది?" అన్నారు.

"రంగు పోయి తాలవుద్దండి, ఎవడూ కొనడు."

"నీ సాక్ష్యం అదేరా. తప్పు నీ ఒక్కడిదే కాదు. పండగ ముందు ఒక మంచి సాక్ష్యం ఉంటే బాగుంటుందని నిన్ను తొందరపెట్టి లేపింది నేను. నన్ను క్షమించు."

అయ్యగారు నన్ను క్షమాపణ అడిగారు! ఆ మాటకు నా మనసు కరిగిపోయింది. ఆ వారమే ఆయన తన స్కూటరు మీద ఎక్కించుకుని బ్రాడీపేటలో తాగుడు మాన్పించే డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లారు. మందులు మొదలయ్యాయి. రోజూ సాయంత్రం కాళ్లు వైన్ షాపు వైపు లాగే వేళకు నన్ను గుడికి వచ్చి బెంచీలు తుడవమన్నారు. తుడిచాను. చేతులు వణుకుతుంటే తుడిచిన బెంచీనే మళ్లీ తుడిచాను. ఎండాకాలంలో ఒకసారి మళ్లీ తాగి పడిపోయాను కూడా. దాచలేదు, మరునాడే రత్నానికి ఫోను చేసి చెప్పాను.

"చెప్పారుగా, పెట్టేయండి" అంది. కానీ ఆ తర్వాత నుంచి ప్రతి ఆదివారం కెజియాతో మాట్లాడించింది.

మొదట్లో నా ప్రార్థనంతా "ప్రభువా, వాళ్లను పంపించు" అనే. పోనుపోను ఆ మాట మారిపోయింది. "ప్రభువా, వాళ్లు ఎప్పుడొచ్చినా భయపడకుండా లోపలికి అడుగుపెట్టే ఇల్లుగా నన్ను ఉంచు" అని అడగడం మొదలుపెట్టాను.

ఈ ఏడాది క్రిస్మస్‌కి ముందు నాలుగు వారాల ఆగమన కాలం వచ్చింది. మొదటి ఆదివారం కొవ్వొత్తి వెలిగించాక నా కళ్లు స్త్రీలు కూర్చునే వైపు వెళ్లాయి. లేరు. రెండో వారమూ లేరు. గుడి బయట మా బావమరిది వరసవాడు ఒకడు "ఏరా, ఈ పండక్కి సాక్ష్యం లేదా? పోయినేడాదిది భలేగా ఉంది!" అని నవ్వాడు. వాడన్నదాంట్లో అబద్ధం లేదు కాబట్టి నేనూ నవ్వాను. మూడో వారమూ లేరు. రక్షకుడి కోసం తరతరాలు ఎదురుచూసిన వాళ్లకు ఆయన తాను అనుకున్న ఘడియలోనే వచ్చాడు కదా, నాకు ఈ కొద్ది నెలలు ఎక్కువా అనుకుని, బెంచీలు తుడుచుకుని ఇంటికి పోయాను.

నాలుగో ఆదివారం వాక్యం చదువుతుండగా నా పక్కన ఎవరో జరగమన్నట్టు మోచేత్తో పొడిచారు. చూస్తే కెజియా! అటు స్త్రీల వైపు రత్నం తల మీద కొంగు కప్పుకుని పాట పుస్తకం తిప్పుతోంది. నేను లేవలేదు సహోదరులారా, పిల్లకు చోటిచ్చి కూర్చున్నాను, అంతే. కన్నీళ్లు మాత్రం ఆగలేదు.

గుడి అయ్యాక రత్నం చేతిలో చిన్న సంచి చూపించింది. "పండగ మర్నాటి దాకా సరిపడా బట్టలే తెచ్చుకున్నామండీ."

"సరే."

"తర్వాత సంగతి అడగరేం?"

"నువ్వు చెప్పినప్పుడు వింటాలే."

నిన్న రత్నం నాతో, "ఈసారి సాక్ష్యం చెప్పండి. అయిపోయిందని మాత్రం చెప్పకండి" అంది. అందుకే ఈ క్రిస్మస్ ఉదయం మీ ముందు నిలబడ్డాను. అయిపోలేదు సహోదరులారా! దేవుడు నన్ను ఏ రోజుకారోజు విడిపిస్తున్నాడు. ఇవాళ కూడా విడిపించాడు, ఆయనకే స్తోత్రం!

మీ ఇంట్లో తాగేవాళ్లుంటే, మీరే తాగుతుంటే, మీరు ఎవరికోసమైనా ఎదురుచూస్తూ ఉంటే, యేసయ్యను నమ్మండి. ఆయన ఆలస్యాన్ని కోపం అనుకోకండి. రేపు రత్నం, కెజియా వెళ్తామంటే బస్టాండు దాకా సంచి నేనే మోస్తాను. ఉంటామంటే ఆ సంచిని ఇంట్లో చిలక్కొయ్యకు తగిలిస్తాను. రెంటికీ నా చేతులు వణకకుండా చేసిన దేవునికే మహిమ.