మధ్యలో ఆపి చూడు బావా

మా మిక్సింగు మాష్టారు పోయారు. ఆదివారం పొద్దున్న చర్చికి వెళ్ళడానికి చొక్కా వేసుకుంటూ మంచం మీద కూర్చున్నవారు మరి లేవలేదట. ఆయన ఇల్లాలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, మీ మాష్టారు ఎల్లిపోయారు" అంది. నేను "ఆ" అన్నాను.

ఇది చదివేవారు ముందుగా నా రాతని మన్నించాలి. ఎలమంచిలి దగ్గర పల్లెటూరి బడిలో నేర్చుకున్న నాలుగక్షరాలే నావి. ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తికమకే. తప్పులు దిద్దుకుంటామని పత్రిక వారు అన్నారు కాబట్టి ధైర్యం చేశాను. సమాధి దగ్గర పాస్టరు గారు నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. నోరు పెగల్లేదు. ఆ రెండు మాటలూ ఇక్కడ రాస్తున్నాను. మీతో నాకు పని కూడా ఉంది. నాకు మాష్టారి ఫోటో ఒకటి కావాలి.

ఆయన పెళ్ళి వీడియోలకి మిక్సింగు చేసేవారు. ద్వారకా నగర్‌లో బస్ కాంప్లెక్సుకి దగ్గర్లో, కోచింగు సెంటర్ల బోర్డుల వెనకాల మేడ మీద చిన్న గది. వీడియో తియ్యడం, కొయ్యడం, పాట కలపడం అందరూ చేసేవారు. మాష్టారి దగ్గరికి జనం వచ్చేది మార్ఫింగు కోసం. ఉయ్యాల్లో ఉన్న పాప ఫోటో మెల్లగా సాగి, మొహం తేరి, జడ వచ్చి, చూస్తుండగానే పెళ్ళికూతురు అయిపోయేది. ఆ మాటకి ఇప్పుడు చెడ్డ పేరు వచ్చింది. పేపర్లో పోలీసు కేసుల దగ్గరే కనిపిస్తోంది. ఆ రోజుల్లో అది మా పెళ్ళిళ్ళలో ముచ్చట. చెడ్డ పనికి వాడేవాళ్ళు అప్పుడూ లేకపోలేదు. ఒకడు ఎవరో అమ్మాయి ఫోటో జేబులోంచి తీసి, దీని మొహం ఇంకో బొమ్మకి తగిలించమన్నాడు. మాష్టారు కుర్చీలోంచి లేవలేదు, గొంతు పెంచలేదు. "ఎక్కొచ్చిన మెట్లు గుర్తున్నాయా నాయినా? అయ్యే దిగు" అన్నారు. వాడు దిగాడు.

నేను షిప్‌యార్డులో మార్కింగు పని చేసి రిటైరయినవాణ్ణి. ఇనప ప్లేటు మీద సుద్ద దారం కొట్టి, గీత వెంబడి పంచ్‌తో చుక్కలు పెట్టుకుంటూ పోవడం నా పని. ఆ చుక్కల మీదే కోత కోస్తారు. రిటైరయిన కొత్తలో, ఆయనే తీసిన మా చిన్నమ్మాయి పెళ్ళి కేసెట్టు కోసం ఆ గదికి మొదటిసారి వెళ్ళాను. టీవీ మీద మా అమ్మాయి మొహం. మొహం నిండా చుక్కలు. కూర్చోమన్నా కూర్చోలేకపోయాను.

"ఏటి బావా, అలగ నిలబడిపోనావు?" అన్నారు మాష్టారు. వయసులో నాకంటే చిన్న. అయినా అందరినీ బావా అనే పిలిచేవారు.

"చుక్కలు" అన్నాను.

"సుక్కలే. అయితే ఏటి?"

"షిప్‌యార్డు. మార్కింగు."

కాసేపు నన్ను ఎగాదిగా చూసి కాలితో స్టూలు నా వైపు తోశారు. "అయితే మనోడివే. కూకో. ఇలగ రా, ఈ సుక్క ముక్కు కొసన పెట్టు."

మౌసుని సుత్తిలా పట్టుకున్నాను. చుక్క జారింది. మా అమ్మాయి ముక్కు సాగి సాగి చెవి దగ్గరికి పోయింది. మాష్టారు నవ్విన నవ్వుకి కుర్చీ కిర్రుమంది. "ఓలప్ప! పెళ్ళికూతురి ముక్కుపుడక తీసికెళ్ళి సెవిలో ఎట్టేసినావేటి బావా! మీ అల్లుడు ఊరుకుంటాడా?" నేను సిగ్గుపడి లేచిపోబోయాను. లేవనివ్వలేదు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనం అవగానే నా కాళ్ళు ద్వారకా నగర్ వైపే నడిచేవి.

మాష్టారు లావు మనిషి. ఆ గది తలుపులోంచి నిటారుగా రాలేరు, పక్కకి తిరిగి రావాలి. గుండ్రటి మొహం, చెవుల దాకా గడ్డం, మెడలో ఎర్ర గళ్ళ తువ్వాలు. నవ్వితే కళ్ళు కనపడేవి కావు. ఎవరి పెళ్ళిలోనైనా కెమెరా భుజాన పెట్టుకుని ఆయన స్టూలు ఎక్కితే, ముందు స్టూలు గట్టిదా కాదా అని పెళ్ళివాళ్ళు కంగారు పడేవారు. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో పని ఉంది.

నాకు మొదట నేర్పింది ఇది. "కలపడం ఎవడైనా కలుపుతాడు బావా. ముందర వంచాల." రెండు మొహాలు తీసుకుని ఊరికే ఒకదాని మీద ఒకటి కలిపి చూపించారు. నాలుగు కళ్ళు, రెండు నోళ్ళు. ఒకటి పోతుంటే ఒకటి వస్తోంది, అంతే. "పాత సినిమాల్లో ఇదే సేసీవోరు. ఇది మారడం కాదు. ఒకడు ఎల్లిపోతంటే ఇంకొకడు వత్తన్నాడు." తరవాత రెండు మొహాల మీదా గీతల వల వేశారు. హార్బర్లో చేపల వల చూశావు కదా, అలాగే అన్నారు. ఈ మొహంలో ముడి కంటి కొసన ఉంటే ఆ మొహంలోనూ కంటి కొసనే ఉండాలి. రెండు వలల్నీ ఒకే ఆకారానికి లాగాలి. ఆకారం కుదిరాక అప్పుడు రంగులు కలపాలి. ఒక ముడి ఇంకో ముడిని దాటిపోతే మొహం చిరిగిపోతుంది.

అంతా అయ్యాక ఆయన పెట్టే పరీక్ష ఒకటి ఉండేది. "మధ్యలో ఆపి సూడు బావా. అక్కడ మనిషి కనిపిత్తే పాసు. దెయ్యం కనిపిత్తే ఫెయిలు. మొదలూ సివరా నీ గొప్ప కాదు, అయి ఫోటోలే."

ఒకసారి నేను పరీక్ష పెట్టకుండానే చూపించేశాను. పెళ్ళికొడుకు మొహం పెళ్ళికూతురు మొహంగా మారాలని ఒక పెళ్ళివారు కోరారు. పెళ్ళికొడుకు మేనత్త వచ్చి కూర్చుంది. సరిగ్గా మధ్యలో వాళ్ళ అబ్బాయి సగం మీసంతో, నుదుట బొట్టుతో, చెవులకి జూకాలతో ప్రత్యక్షమయ్యాడు. "ఓలమ్మోలమ్మ! మా గుంటడికి ఏటి గతి పట్టించినారు!" అని ఆవిడ లేచి నిలబడింది. నేను స్టూలు మీద కుంచించుకుపోయాను. మాష్టారు మాత్రం తాపీగా, "పెళ్ళయ్యాక మగోడి గతి అదే కదమ్మా. కూకోండి, టీ సెప్తాను" అన్నారు. ఆవిడ నవ్వేసింది. ఆవిడ వెళ్ళాక నాకు నేర్పారు. మొహమంతా ఒకే వేగంతో మారకూడదు. మీసం ముందర పోవాలి. అది పూర్తిగా పోయాకే బొట్టు రావాలి. అన్నిటికంటే ఆఖర్న కళ్ళు మారాలి, ఎందుకంటే చూసేవాడు కళ్ళనే పట్టుకుని ఉంటాడు.

కంప్యూటరు అప్పట్లో బాగా నెమ్మది. మధ్య బొమ్మలన్నీ అది గీసుకుంటూ కూర్చుంటే మేము కిందకి దిగి టీ తాగి వచ్చేవాళ్ళం. వచ్చినా సగమే అయ్యేది. ఆ ఖాళీలోనే పాత కథలు చెప్పేవారు. కంప్యూటర్లు లేనప్పుడు సినిమాలో మనిషి రాక్షసుడు అవ్వాలంటే నటుడి పాదాల చుట్టూ సుద్దతో గీత గీసి కదలొద్దనేవారట. కెమెరా ఆపి, కొంచెం రంగు పూసి, మళ్ళీ తిప్పి, మళ్ళీ ఆపి. అంతకంటే ముందు తెలుపు నలుపు రోజుల్లో ఇంకో చిత్రం ఉండేదన్నారు. కెమెరా ఆపకుండానే మొహం మార్చేవారట. నేను నమ్మలేదు. పైకి అనలేదు గానీ ఆయనకి తెలిసిపోయింది.

"రేపు వచ్చినప్పుడు ఇంటి నుంచి కుంకం తే బావా. మా ఇంట్లో దొరకదు కదా."

తెచ్చాను. కొబ్బరినూనెలో కలిపి నా నుదుటి మీద, బుగ్గల మీద సన్నగా ముడతలు గీశారు. లైటుకి వెలుగు దూరే ఎర్ర జెలటిన్ కాగితం అడ్డం పెట్టారు. కెమెరా తీగని పాత తెలుపు నలుపు టీవీకి తగిలించారు. టీవీలో నా మొహం మామూలుగానే ఉంది, గీతలు లేవు. "కదలకు" అని ఎర్ర కాగితాన్ని మెల్లగా పక్కకి లాగుతూ దాని వెనకే ఆకుపచ్చ కాగితం తెచ్చారు. నా మొహం మీద నల్లగా ముడతలు లేచాయి. నేను కదల్లేదు. నా కళ్ళ ముందే ముసలివాణ్ణి అయిపోయాను. "ఎర్ర ఎలుగులో ఎరుపు కనపడదు బావా. గీత ముందరి నుంచీ ఉంది. ఎలుగే మారింది" అన్నారు. ఆ మొహంతోనే ఇంటికి వెళ్తే మా ఆవిడ గుమ్మంలో ఆపి, "ఏటి, జాతరకెళ్ళొచ్చారా?" అంది. ఇప్పుడు ఆ ముడతలు నిజంగానే వచ్చాయి. అద్దం చూసినప్పుడల్లా ఆ పచ్చ కాగితం గుర్తొస్తుంది.

తరవాత ఆయనకి సుగరు వచ్చింది. అంత మనిషీ ఏటికేడు కరిగిపోయారు. గడ్డం తీసేశారు. తువ్వాలు మెడలో నిలవక జారిపోయేది. ఫోన్లలో మార్ఫింగు వచ్చాక గదికి వచ్చేవాళ్ళు తగ్గి, ఆఖరికి గది మూసేశారు. ఆయన మాత్రం ఎవర్నీ తిట్టలేదు. "కుర్రగుంటలు యేలితో నొక్కి సేసేత్తన్నారు బావా, మంచిదే కదా. మధ్యలో ఆపి సూసుకోమని సెప్పీవోడు ఒకడుంటే సాలు."

ఇక అసలు సంగతి. వచ్చే నెల చర్చిలో ఆయన జ్ఞాపకార్థ కూడిక. తెర మీద ఆయన మొహం చూపించాలని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు. దొరికినవి రెండే ఫోటోలు. పెళ్ళినాటిది ఒకటి, ఆస్పత్రి కార్డుది ఒకటి. మధ్యలో తీసినవి ఒకటీ అరా ఉంటే పెద్ద తుపానుకి గది కిటికీ ఊడి నీళ్ళపాలయ్యాయి. అసలు ఎవరైనా ఫోటో అంటే చాలు, లైటు సర్దుతానని పక్కకి తప్పుకునేవారు. అందరి చేతుల్లోకీ కెమెరా ఫోన్లు వచ్చేసరికి మనిషి చిక్కిపోయారు.

వాళ్ళ అల్లుడు మంచి కుర్రాడు. రెండు ఫోటోలూ ఫోన్‌కి ఇచ్చి ఒక్క నిమిషంలో చేసేశాడు. కుర్ర మొహం మెల్లగా ముసలి మొహం అయింది. ఎక్కడా చిరగలేదు, నాలుగు కళ్ళు రాలేదు. చుట్టాలు బాగుందన్నారు. నేను మధ్యలో ఆపమన్నాను. ఆపాడు. మాష్టారి ఇల్లాలు దగ్గరికి వచ్చి చూసింది.

"ఈ సన్నపాటోడు ఎవరు?"

"మావయ్యేనండీ, నడి వయసులో" అన్నాడు అల్లుడు.

"పెళ్ళి రోజున సన్నం. పోయిన రోజున సన్నం. మధ్యలో నాను వండి పెట్టిన మనిషి ఏడీ?"

అల్లుడు రెండు ఫోటోలూ పైకెత్తి చూపించాడు. "రెండు ఫోటోలే ఇచ్చాం కదా అత్తమ్మా, దానికి అంతే తెలుసు."

అప్పుడు నేను మాట్లాడాను. ఎందుకో నోరు దానంతట అదే తెరుచుకుంది. "ఓడకి ముందూ సన్నమే, వెనకా సన్నమే. ఆ రెండు కొసలూ కొలిచి మధ్యభాగం గీయలేం. మధ్య పక్కటెముక విడిగా గీయాలి. సరుకు మోసేది అదే" అన్నాను. నేను అంత మాట్లాడ్డం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. అందరూ నా వైపు తిరిగారు.

"అయితే మీరే సెయ్యండన్నయ్యా. నా మనిషిని తెర మీద నాకు సూపించండి" అంది ఆవిడ.

"చేస్తాను" అన్నాను. అన్నాక చెయ్యక తప్పదు, చేస్తాను కూడా.

ఆయన కంప్యూటరు, ఆయన కుర్చీ మా ఇంటికి తెచ్చుకున్నాను. ఆ కుర్చీలో నేను కూర్చుంటే పక్కన ఇంకొకరికి చోటు మిగులుతుంది. మా చిన్నమ్మాయి పెళ్ళి వీడియో పెట్టుకుని ముక్క ముక్కా ఆపి చూశాను. సారె సామాన్లు చూపించే చోట దొరికారు. వరసగా పళ్ళేలు, గంగాళం, ఆ తరవాత మెరుస్తున్న స్టీలు బిందె. ఆ బిందె కడుపులో స్టూలెక్కి, కెమెరా భుజాన పెట్టుకుని మాష్టారు ఉన్నారు. గడ్డం ఉంది, తువ్వాలు ఉంది.

అయితే బిందె గుండ్రం. అందులో ఎంత సన్నటివాడైనా లావుగా కనిపిస్తాడు. ఆ లావులో బిందెది ఎంతో, మా మాష్టారిది ఎంతో తెలియాలి. ఆయన వెనక పందిరి రాటలు కూడా బిందెలో వంగి కనిపిస్తున్నాయి. అవి నిజానికి నిటారైనవి, నేను పాతించినవే. అవి నిటారుగా నిలబడేదాకా వల లాగుతున్నాను. చుక్క జారితే మళ్ళీ పెడుతున్నాను. రాటలు నిలబడుతున్నాయి. కానీ ఆయన మొహం సగం కెమెరా వెనకే ఉంది. ఆ సగాన్ని నేను ఊహించి గీయను. ఆయన నాకు అలా నేర్పలేదు.

అందుకే అడుగుతున్నాను, అడగడం నాకు చేతకాకపోయినా. విశాఖపట్నంలో గానీ, ఎలమంచిలి వైపు గానీ ఆ రోజుల్లో మీ ఇంట్లో పెళ్ళి జరిగి ఉంటే పాత ఆల్బం ఒకసారి దించండి. పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ చూడకండి. ఫోటో అంచులు చూడండి. అద్దాల బీరువాలో, భోజనాల బంతి చివర్లో, ఎవరి భుజం వెనకాలో గడ్డంతో ఒక లావుపాటాయన, మెడలో గళ్ళ తువ్వాలుతో, కెమెరా దించి ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుంటూ ఉంటారేమో. ఉంటే పత్రిక ఆఫీసుకి పంపండి, నాకు అందజేస్తామన్నారు. లేకపోతే లేదనైనా ఒక ముక్క రాయండి. కూడిక దగ్గర పడుతోంది, దయచేసి బేగి రాయండి. ఇక్కడ తెర మీద ఆపి ఉంచాను. మాష్టారు బిందెలో స్టూలెక్కి, ఒక కన్ను మూసుకుని, మా పెళ్ళివారందరి వైపూ కెమెరా తిప్పి అలాగే నిలబడి ఉన్నారు.