చెప్పు అంటే చుప్ కాదు

అతని పూర్తి పేరు జయ బహాదుర్ రోకాయా. నేపాలు దేశపు పడమటి కొండల్లో, జుమ్లా అనే చోట పుట్టాడు. మా వీధిలో ఈ పేరును సరిగా పలికినవారు లేరు. అందరికీ అతడు గూర్ఖాయే. అందుకే పేరును ముందుగా రాస్తున్నాను.

నేను అతణ్ణి మొదట చూసింది పటాన్‌చెరు బస్టాండు వెనక, చెరుకురసం బండి దగ్గర. బస్సు దిగి ఇంటికి నడుస్తున్నాను. జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో ఒక మనిషి వీపును బండికి ఆనించి, చిన్న ఆడపిల్లను ఎదకు అదుముకొని నిలబడి ఉన్నాడు. పిల్లలను ఎత్తుకుపోయే ముఠా ఒకటి తిరుగుతున్నదని ఆ వారమంతా ఫోన్లలో పుకారు. ఏడుస్తున్న పిల్ల, పరదేశి ముఖం. జనానికి ఆ రెండూ చాలినవి.

"ఎవరి పోరిరా? చెప్పు!"

"చెప్పు బే! చెప్పు!"

అతడు పెదవులు బిగించుకున్నాడు. అంతటితో ఊరుకోక, "బా, బా" అని ఏడుస్తున్న ఆ పిల్ల నోటిమీద అరచేయి పెట్టాడు.

"సూడున్రి, పోరి నోరు మూస్తున్నడు! పక్కా దొంగనే!" అని అరిచినవాడు నర్సన్న. ఆటో నడుపుతాడు. మా వీధివాడే, ఒకప్పుడు బడిలో నా దగ్గర తెలుగు చదువుకున్నవాడు. అతని పిడికిలి ఆ మనిషి దవడమీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. పడేవాడు వెనక్కు పడతాడు. ఇతడు పిల్ల మీదికి గొడుగులా వంగి ముందుకు పడ్డాడు. ఇక కాళ్లు లేచాయి. వీపుమీద, పక్కటెముకలమీద, చెవిమీద. ప్రతి తన్నుకూ ఒక "చెప్పు".

నేను గొడుగుతో దారి చేసుకొని లోపలికి పోయాను. పిల్ల ఎవరిదని అడగబోతే ఎందుకో నా నోట హిందీ వచ్చింది. "బోలో! బచ్చీ కిస్కీ హై?"

అతడు తల ఎత్తాడు. నెత్తురుతో పాటు ఒక పన్ను రాలింది. "మేరీ," నాదే, అన్నాడు.

నేపాలీలో 'బా' అంటే నాన్న. ఆ పిల్ల మొదటినుంచీ అదే చెబుతున్నది.

తెల్లాపూర్ అపార్ట్‌మెంట్లలో వంట చేసే అతని భార్య పరుగున వచ్చేసరికి గుంపు కరిగిపోయింది. పోలీసులు అడిగితే చెరుకురసం మనిషి "కొట్టిండ్రు సార్" అన్నాడు. ఎవరు? "కొట్టిండ్రు." తెలుగులో ఈ సౌకర్యం ఒకటి ఉన్నది: కర్తను దాచిపెట్టి క్రియను నడిపించవచ్చు. కేసు వద్దని జయ బహాదురే తల ఊపాడు. పరాయి దేశంలో కోర్టుల చుట్టూ ఎక్కడ తిరుగుతాడు?

దవడకు తీగలు కట్టిన ముఖంతో ఒక మధ్యాహ్నం మా గుమ్మం ముందు నిలబడ్డాడు. రంగుల కంపెనీలో కాపలా పని. డ్యూటీ దిగి వచ్చాడు. ఆనాడు నోరెందుకు విప్పలేదని అడిగాను. పళ్ల సందునుంచి హిందీలో చెప్పాడు: "వాళ్లు చుప్, చుప్ అన్నారమ్మా. అందుకే ఊరుకున్నాను. పిల్లను కూడా ఊరుకోబెట్టాను. ఎంత ఊరుకుంటే అంత కొట్టారు."

జనం అరిచిన 'చెప్పు' అతని చెవిలో హిందీ 'చుప్'గా, నోరు మూసుకోమన్నట్టుగా పడింది.

ఒక నేలమీద బతకడానికి వచ్చినవాడు ఆ నేల భాష నేర్చుకోవాలన్నది నా నిశ్చితాభిప్రాయం. మా ప్రాంతంలో హిందీతో కిరాయి ఇల్లు దొరుకుతుంది, కూరగాయలు దొరుకుతాయి. కాని కోపం వచ్చినప్పుడు మనిషి తల్లిభాషలోకి దిగుతాడు. ఇరుగుపొరుగు కోపం ఏ భాషలో వస్తుందో ఆ భాష రాకపోతే ప్రాణానికే ముప్పు. ఆ మాటే అతనికి చెప్పాను.

"నేర్పండి," అన్నాడు. మొదట అడిగిన మాట 'చెప్పు'. నోటితో చేసేది ఒకటి, కాలికి తొడిగేది ఒకటి, రెండు అర్థాలున్నాయన్నాను.

తీగల వెనక నవ్వాడు. "రెండూ ముఖానికే తగులుతాయా టీచరమ్మా?"

పెద్దవారితో 'చెప్పు' అనరాదు, 'చెప్పండి' అనాలి అని దిద్దాను. "అండి అంటే కొట్టరా?" అని అడిగాడు.

"కొట్టరు," అన్నాను.

తీగలు విప్పేనాటికి వాక్యాలు కుదిరాయి. నా దగ్గర గ్రాంథికానికి దగ్గరగా నేర్చుకొని, గేటు దగ్గర తెలంగాణ మాట పట్టుకొని, రెండూ కలిపి మాట్లాడేవాడు. "జెర జరుగుడు, దయచేసి" అని లారీ డ్రైవర్లతో అంటే వాళ్లు పడీ పడీ నవ్వేవారు. నర్సన్న మొదట తల వంచుకొని తిరిగాడు. తరువాత తానే పలకరించాడు. "గూర్ఖా, నాకంటె నువ్వే మంచిగ మాట్లాడుతున్నవ్ రా! ఇగ ఎలక్షన్ల నిలబడు" అని భుజం చరిచేవాడు. దవడ విరగ్గొట్టిన చేత్తోనే పిల్ల సిర్జనను ఆటోలో బడికి దించేవాడు.

అతని భార్య మాత్రం ఒక్క తెలుగు ముక్క నేర్చుకోనన్నది. "కొట్టినవాళ్ల మాట నా నోట పెట్టుకోను," అన్నది హిందీలో. నేను ఆమెతో వాదించాను. ఆమె అన్నం వడ్డించింది.

పోయిన ఏడు ఎండాకాలం. రంగయ్య కిరాణా దుకాణంలో చింతపండు తూయిస్తున్నాను. ఎదుట ఆటోస్టాండులో గొడవ. నర్సన్న ఫోను పోయింది. పక్కన నిలబడి ఉన్న ఒక ఒడియా కుర్రవాణ్ణి స్తంభానికి అదిమిపట్టారు. "ఏడ పెట్టినవ్? చెప్పు!" అంటుంటే వాడు గుడ్లు తేలవేసి చూస్తున్నాడు. ముక్కు చితికి చొక్కా అంతా ఎరుపెక్కింది.

కాపలా దుస్తుల్లోనే జయ బహాదుర్ మధ్యలో దూరాడు.

"ఆగున్రి! వానికి మాట రాదు. నేను అడుగుత. జెర ఆగండి అన్నా!"

"నడుమల నువ్వెవనివిరా?"

"నర్సన్నా, నీకు తెల్వదా నేను? కొట్టకముందు అడగాలె. అడిగినంక ఆగాలె. జవాబు వచ్చేదాంక ఆగాలె."

"నాలుగు మాటలు నేర్పంగనె మాకే పాఠం చెప్తున్నవా? చుప్ బే!"

ఈసారి నర్సన్న నిజంగానే 'చుప్' అన్నాడు. జయ బహాదుర్‌కు అది తప్పుగా వినబడలేదు. అయినా ఊరుకోలేదు.

"చెప్తనే ఉంట. వాని తల్లి ఎక్కడనో ఎదురుచూస్తది. వినండి."

నర్సన్న ఆటో సీటు కిందినుంచి జాకీ రాడ్ తీశాడు. మొదటి దెబ్బ మోచేతిమీద పడింది. రెండోది పాత దవడమీద. మూడోదానికి తల పగిలి, స్తంభానికి కొట్టుకుంది. దుకాణం దిగి పరుగెత్తి వచ్చిన నా చెప్పులమీదికి నెత్తురు చిమ్మింది. కింద పడిన తరువాత కూడా "వినండి" అంటూనే ఉన్నాడు. నర్సన్న అప్పుడు కూడా కొట్టాడు. ఒడియా కుర్రవాడు ఆ సందులో తప్పించుకున్నాడు. ఫోను నర్సన్న ఆటో సీటు సందులోనే మోగింది.

మరునాడు జయ బహాదుర్ మరణించాడు. నర్సన్న ఇప్పుడు సంగారెడ్డి కోర్టులో ముద్దాయిల బోనులో నిలబడుతున్నాడు. అక్కడ నిలబెట్టింది నా సాక్ష్యం. మా వీధిలో కొందరు నాతో మాట మానేశారు. "నా మొగుడు నేర్చుకున్నాడు కదా, ఏమైంది?" అని అతని భార్య అడిగింది. ఇప్పటికీ నేర్చుకోవాలనే అంటాను. కాని ఆ వాక్యం పక్కన రెండో వాక్యం రాయకుండా ఇక వదలను: వినడం ఇక్కడ ముందునుంచీ ఉన్నవాళ్లు నేర్చుకోవాలి.

సిర్జన రోజూ మధ్యాహ్నం నా దగ్గర చదువుతున్నది. వాళ్లమ్మ గుమ్మంలో కూర్చొని వింటుంది.

జయ బహాదుర్ దెబ్బలు తిన్న నాటి సాయంత్రం, ఆసుపత్రిలో అతని మంచం పక్కన నేనున్నాను. ముఖం నిండా కట్లు. ఒక కన్ను మాత్రమే బయట. నర్సన్న తల్లి నర్సింహమ్మ తలుపు దగ్గర నా చేతులు పట్టుకొని "టీచరమ్మా, నీ చేతుల అక్షరాలు దిద్దినోడు. నీ బిడ్డ అనుకో" అని ఏడ్చి, అక్కడే నిలబడింది. ఎస్సై వచ్చాడు.

"ఎవరు కొట్టిండ్రు?"

"గుంపుల ఎవరో కొట్టిండ్రు సార్," అన్నాడు నాతో వచ్చిన కిరాణా రంగయ్య, నా వైపు చూడకుండా.

"మేడం, మీరు దుకాణంల ఉన్నరంట గద. మీరు చూసిండ్రా?"

నర్సింహమ్మ చేతులు జోడించింది. నేను ఆ చేతులవైపే చూశాను. అప్పుడు మంచంమీద ఆ ఒక్క కన్ను నా వైపు తిరిగింది. విరిగిన దవడ కదిలింది. నాతో ఎన్నడూ 'అండి' మరువనివాడు. ఆనాడు ఆ రెండక్షరాలకు ఊపిరి చాలలేదు. నేను దిద్దలేదు.

"టీచరమ్మా," అన్నాడు, "చెప్పు."