చేత్తో మడవబాకండి

మా మేనమామ పోయారన్న కబురు నాకు కారు కిటికీలోంచి అందింది. బడికి వేళ మించిపోతోందని హడావిడిగా కారు వెనక్కి తీస్తున్నాను. అమ్మ కాళ్ళకు చెప్పులైనా లేకుండా ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చి, ఎడమవైపు సైడు అద్దం మీద చెయ్యి వేసి నిలబడింది. పాడైపోయిన ఆ అద్దాన్ని మూడు నెలలుగా ప్లాస్టిక్ తాడుతో కట్టి నడుపుతున్నాను. ఆ తాడునే పట్టుకుని అమ్మ అంది: "దిగమ్మా. మామ పోయినాడంట. కాఫీ తాగతా తాగతా కుర్చీలోనే ఒరిగిపోయినాడంట."

నాకు ముందు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఆయనతో ఒక మాట చెప్పాల్సి ఉంది. ఇవాళ చెబుతా, రేపు చెబుతా అని దాటవేస్తూ వచ్చాను. ఇక చెప్పడం కుదరదు. అందుకే ఇది రాస్తున్నాను. మామకు తెలుగు చదవడం రాదు. ఇక్కడ పుదుచ్చేరిలో మావాళ్ళందరి సంగతీ అంతే, ఇంట్లో మాట తెలుగు, రాత తమిళం. తెలుగు అక్షరాలు నేనే పట్టుబట్టి పెద్దయ్యాక నేర్చుకున్నాను. ఆయన చదవలేని అక్షరాల్లో తప్పు ఒప్పుకోవడం ఎంత సులువో చూడండి.

మామ మా అమ్మకు తమ్ముడు. తట్టాంచావడిలో, పెద్ద షెడ్ల వెనకాల ఒక చిన్న గదిలో కార్ల కరెంటు పనులు చేసేవారు. కిటికీ అద్దం పైకి రాకపోయినా, తలుపు తాళం పడకపోయినా, హారన్ మూగబోయినా అక్కడికే. ఏ వస్తువునీ ఆయన 'చెడిపోయింది' అనగా నేను వినలేదు. "అలిగుండాది" అనేవారు. విప్పే ముందు చెవి ఆనించి వినేవారు. విప్పిన స్క్రూలను ఇడ్లీ ప్లేటు గుంటల్లో వరసగా పెట్టేవారు, మొదట విప్పింది మొదటి గుంటలో, రెండోది రెండో గుంటలో. మా అత్త కొత్త ఇడ్లీ పాత్ర కొన్నప్పుడల్లా పాతదాంట్లోంచి ఒక ప్లేటు షాపుకి పోయేది. "నా ఇంట్లో ఇడ్లీ ఉడికేదానికన్నా ఈయన షాపులో స్క్రూలు ఉడికేది ఎక్కువ" అని అత్త సణిగేది. ఆ మాట విని మామ ఎప్పుడూ మొదటిసారి విన్నట్టే నవ్వేవారు.

నేను కిరుమాంబాక్కంలో ఒక బడిలో లెక్కలు చెబుతాను. ఇతరుల తప్పుల కింద ఎర్ర గీత గీయడం నా ఉద్యోగం. నా కారుకు పద్నాలుగేళ్ళు. దిగేముందు బటన్ నొక్కితే దాని రెండు అద్దాలూ చెవుల్లా లోపలికి ముడుచుకుంటాయి, మళ్ళీ నొక్కితే విచ్చుకుంటాయి. ఒర్లియంపేటలో మా వీధికి అది ఉండాల్సిన సదుపాయమే, ఒక కారు నిలిపితే ఆటో పోవడానికి చోటు చాలదు. పోయినేడు ఎడమ అద్దం ముడుచుకోవడం మానేసింది. లోపల మోటారు మాత్రం గిర్రున తిరుగుతూనే ఉండేది. కంపెనీ సర్వీసులో మొత్తం అద్దమే మార్చాలన్నారు. నేను మామ దగ్గరికి తీసుకెళ్ళాను.

మామ చెవి ఆనించి, నన్ను బటన్ నొక్కమన్నారు. మూడుసార్లు విన్నారు.

"మోటారు మంచిదే అమ్మణ్ణీ. లోపల ప్లాస్టిక్ చక్రం ఉండాది, దాని పండ్లు అరిగిపోయినాయి. మోటారు తిరగతాది, చక్రం పట్టుకోలా."

పాత అద్దం ఒకటి వెతికి, దాంట్లోంచి చక్రం తీసి ఇందులో వేశారు. అప్పటికే ఆయన కుడిచెయ్యి కొంచెం వణుకుతోంది. స్క్రూ బిగించేటప్పుడు ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకునేవారు. నేను చూశాను, చూడనట్టున్నాను. పని అయ్యాక తెల్ల టేపు ముక్క చింపి, అద్దం వీపు మీద అంటించి, పెన్నుతో రాశారు. తమిళ అక్షరాలు, తెలుగు మాటలు: చేత్తో మడవబాకండి.

"ఎందుకు మామా ఇది?"

"ఇది కూడా ముసలి చక్రమే. మోటారు తిప్పితే తిరగతాది. చేత్తో తోస్తే ఇరిగిపోతాది. మన వీధిలో ఎవురి చెయ్యి ఊరుకుంటాది చెప్పు?"

నిజమే. బటన్ నొక్కకుండా దిగిపోవడం నాకు మామూలే, పైగా మా వీధిలో దారికి అడ్డంగా అద్దం కనబడితే పోయేవాళ్ళు మడిచి పోతారు. నీళ్ళ క్యాన్ల బండివాడు మడుస్తాడు, పూలమ్మి మడుస్తుంది, పాలవాడు మడుస్తాడు. మా దగ్గర అది మర్యాద. మడవకుండా రాసుకుంటూ పోయినవాడే చెడ్డవాడు.

ఆ చీటీ నెలన్నర ఉంది. అంతకాలమూ అద్దం చక్కగా పనిచేసింది. బడిలో మాత్రం నాకు తల తీసేసినట్టుండేది. చెవికి కట్టు కట్టుకుని వచ్చిందేమిటి మీ కారు అని తోటి టీచర్లు వేళాకోళం చేశారు. ఒక మధ్యాహ్నం బడి ఆవరణలోనే గోటితో గీకి పీకేశాను. జిగురు మరక కూడా కొబ్బరినూనెతో తుడిచాను, అంత శ్రద్ధగా.

మూడు వారాలకు కడలూరు రోడ్డు మీద, బడి దగ్గర ఎడమకు తిరగబోతుంటే ఒక బస్సు ఎడమ పక్కనుంచే దూసుకుపోయింది. ఆ గాలికి అద్దం టపీమని ముడుచుకుపోయింది. ఎడమవైపు నాకేమీ కనబడలేదు. బ్రేకు తొక్కాను. స్కూటరు మీద ఒకావిడ, ముందు నిలబెట్టుకున్న చిన్నపిల్లతో, నా బంపరుకు జానెడు దూరంలో ఆగి ఉంది. ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పిల్లను గట్టిగా పట్టుకుని నా వంక చూసి వెళ్ళిపోయింది.

బడికి పోలేదు. కారు తిప్పి తట్టాంచావడి పోయాను. మామ షాపులో అప్పుడు ఇద్దరు బేరగాళ్ళున్నారు. నాకు వాళ్ళు కనబడ్డారు, కనబడ్డా ఆగలేదు.

"చూడు మామా, నీ పని! ఇప్పుడొక పిల్ల నా బండి కింద పడేది. చేతులు వణకతా ఉంటే ఇంకా ఎందుకు నీకీ పని? నీ చెయ్యి పోయింది మామా. ఎవురి ప్రాణమైనా పోకముందే చాలించు."

ఆయన కోప్పడలేదు. అద్దం దగ్గరికి కూడా రాలేదు. తన కుడి అరచేతిని ఒకసారి ఇటూ అటూ తిప్పి చూసుకున్నారు, ఎవరిదో వస్తువు చేతికి వచ్చినట్టు. ఆ పిల్లకు దెబ్బేమైనా తగిలిందా అని అడిగారు. లేదన్నాను.

"సరి అమ్మణ్ణీ" అన్నారు. అంతే.

ఆ వారం చివర్లో షాపు మూసేశారు. అడిగినవాళ్ళందరికీ చూపు ఆనడం లేదని చెప్పుకున్నారు. నా పేరు ఎక్కడా రానివ్వలేదు. నేను ఇంట్లో, మంచిపని చేశానని కూడా అన్నాను. ముసలాయన విశ్రాంతి తీసుకోవద్దూ!

తర్వాత ఒక ఆదివారం తెల్లవారుతుండగా పాల కోసం తలుపు తీశాను. అమ్మ వాకిలి చిమ్మి, ముగ్గు వేయడానికి వంగబోతూ, తలకు తగులుతోందని అద్దాన్ని చేత్తో లోపలికి తోసింది. తాడు కట్టి ఉన్నా బలంగా తోసింది. అలవాటైన చెయ్యి.

"ఏందమ్మా అది? రోజూ ఇట్లే మడుస్తావా?"

"రోజూనే. ముగ్గు అయినాక మళ్ళీ తీసి పెడతాలే."

"మామ చీటీ రాసి పెట్టినాడు గదా, మడవబాకండి అని!"

"అది ఉన్నన్నాళ్ళూ నేను మడవలా. నడుం వంచి దాని కిందనే దూరినా. నువ్వు పీకేస్తివి గదా, ఇంక అద్దం బాగైపోయిందేమో అనుకున్నా."

ముగ్గుపిండి గిన్నె పట్టుకుని అమ్మ నా మొహం చూస్తూ నిలబడింది. నేను లెక్కల టీచర్ని. చీటీ పీకిన రోజు, అద్దం ముడుచుకుపోయిన రోజు, మధ్యలో మూడు వారాలు, రోజుకు రెండుసార్లు అమ్మ చెయ్యి. ఎర్ర గీత ఎక్కడ గీయాలో తేలిపోయింది. "అయ్యో, తమ్ముడి చేతి తప్పు కాదు గదే! నేను పోయి చెప్పొస్తా" అని అమ్మ పమిట సర్దుకుంది. ఆపాను. నేనన్న మాట నేనే వెనక్కి తీసుకోవాలన్నాను. ఆ మాట నిజాయితీగానే అన్నాను.

ఆ సాయంత్రమే వెళ్ళాను. మామ వరండాలో కూర్చుని చిన్న ఆకురాయితో ఏదో అరగదీస్తున్నారు. నన్ను చూడగానే దాని మీద తువ్వాలు కప్పేశారు. అత్త కాఫీ తెచ్చింది. ఉక్కపోత గురించి మాట్లాడాను, బడిలో పరీక్షల గురించి మాట్లాడాను. చెప్పాల్సిన మాట నాలుక చివరి దాకా వచ్చి, కాఫీతో పాటు లోపలికి పోయింది. లేచేటప్పుడు ఆయనే అడిగారు.

"అద్దం ఎట్లుండాది అమ్మణ్ణీ?"

"పరవాలేదు మామా. యాడన్నా మంచి మెకానిక్‌కి చూపిస్తాలే."

ఆ 'మంచి' అన్న ముక్క ఎందుకన్నానో నాకు ఇప్పటికీ తెలియదు. సిగ్గుపడేవాళ్ళు సౌమ్యంగా ఉంటారంటారే, అది అబద్ధం. నేను సిగ్గుపడినప్పుడల్లా ఎదుటివాళ్ళను ఇంకొంచెం గట్టిగా తోస్తాను. మామ తల ఊపి, గేటు దాకా వచ్చి సాగనంపారు. అలాంటి ఆదివారాలు ఇంకో ఐదారు గడిచాయి. అమ్మ అడిగినప్పుడల్లా ఈ వారం చెబుతానన్నాను.

కర్మకాండలు అయిన మర్నాడు అత్త నన్ను లోపలికి పిలిచి, మూత పెట్టిన ఇడ్లీ ప్లేటు చేతిలో పెట్టింది. మొదటి గుంటలో మూడు స్క్రూలు. రెండో గుంటలో బొటనవేలి గోరంత ఇత్తడి పళ్ళ చక్రం. మూడో గుంటలో తెల్ల టేపు చుట్ట.

"నీ అద్దానిదే. లేత్‌లో కోయించుకొచ్చి, రెండు నెలలు ఆకురాయితో అరగదీస్తా కూర్చున్నాడు. చెయ్యి నిలవక రెండు పారేసినాడు, ఇది మూడోది. ఎందుకు నీకీ అగచాట్లు అంటే, 'ఇత్తడిదైతే నా చెయ్యి తప్పు చేసినా తట్టుకుంటాది' అనేవోడు. బిగించేది మాత్రం ఇంకెవురి చేతనైనా బిగించుకోమన్నాడు."

అప్పుడు ఏడ్చాను. ఏడుస్తూనే అంతా చెప్పాను. చీటీ నేను పీకానని, అద్దం మడిచింది అమ్మ అని, ఆయన చేతిలో తప్పు లేదని, నాకు తెలిసి కూడా వచ్చి కాఫీ తాగి పోయానని. అత్త నడుమ ఎక్కడా ఆపలేదు. అంతా విని, నా చేతిలోని ప్లేటును సరిగ్గా పట్టుకునేలా తిప్పింది, స్క్రూలు జారిపోకుండా.

"నాకు చెప్పి ఏం చేసేది అమ్మణ్ణీ. ఆ చెయ్యిని చూసుకుంటా చూసుకుంటానే పాయ నా మొగుడు" అంది. తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు. అనమని అడిగే హక్కు నాకు లేదు.

చక్రాన్ని తట్టాంచావడిలోనే ఇంకో మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్ళాను. తల నెరిసిన మనిషి. దాన్ని వేలి మీద పెట్టుకుని వెలుగుకు ఎత్తి, ఒక్కొక్క పన్నూ తిప్పి చూశాడు. ఇది ఎవరు చేశారని తమిళంలో అడిగాడు. మా మామ అన్నాను. ఒక్క పన్నూ పక్కకు పోలేదు, చాలా నిలకడ గల చెయ్యి అన్నాడు. మామ షాపు అక్కడికి నాలుగు తలుపుల అవతలే, షట్టర్ దించి ఉంది. ఆ మాట వినడానికి అందులో ఎవరూ లేరు.

ఇప్పుడు అద్దం ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది. ఇత్తడి చక్రం కనుక చేత్తో మడిచినా ఏమీ కాదని మెకానిక్ అన్నాడు. అయినా ఆ టేపులోంచే ఒక ముక్క చింపి, ఆయన అంటించిన చోటే అంటించి, తమిళ అక్షరాల్లో అవే రెండు మాటలు రాశాను. బడిలో ఎవరైనా నవ్వితే నవ్వనీ. నేను బటన్ మరిచిన రోజు నీళ్ళ బండివాడు చెయ్యి చాచి, చదివి, వెనక్కి తీసుకుని, పొట్ట లోపలికి బిగబట్టి పక్కనుంచి దూరి పోతున్నాడు. అమ్మ కూడా ఇప్పుడు అద్దాన్ని తోయడం లేదు. నడుం వంచి దాని కింద దూరి ముగ్గు వేస్తోంది. రోజూ నేను కారు తీసేటప్పటికి టేపు అంచు మీద ఒక తెల్లటి వేలిముద్ర ఉంటుంది. చీటీ ఊడిపోకుండా అమ్మ ముగ్గుపిండి చేత్తోనే అదిమి పోతోంది. నేను దాన్ని తుడవడం లేదు.