ఇప్పచెట్టు కింద నిప్పు

పెళ్ళయిన మరుసటి ఏడు మా ఆయన్ని పాతపట్నం అవతల ఒక కొండకి ఫారెస్టు గార్డుగా వేశారు. అరవై ఏడో, అరవై ఎనిమిదో, సరిగ్గా గుర్తు లేదు. నేను కోటబొమ్మాళి దగ్గర వరిచేల మధ్య పుట్టి పెరిగాను. మా ఊళ్ళో కొండంటే ఎక్కడో దూరాన నీలంగా కనబడేది. ఇక్కడ పెరటి తలుపు తీస్తే ఎదురుగా కొండే. మొదటి నెల రోజులూ ఆ తలుపు తీయడానికే భయపడ్డాను.

కొండ కింద ఉసిరి తోపు ఒకటి ఉండేది. గవర్నమెంటు అడవే అయినా ఊరందరికీ అది తోటలాంటిది. కార్తీకంలో పాతపట్నం నుంచి దుకాణాల వాళ్ళు పిల్లాజెల్లాతో బళ్ళు కట్టుకుని వచ్చి వనభోజనాలు చేసేవారు. వాళ్ళు వెళ్ళాక మా ఆయన పొయ్యిల మీద నీళ్ళు పోసి, బూడిదలో చెయ్యి పెట్టి చూసి, చల్లారిందని నమ్మకం కుదిరితేనే ఇంటికి వచ్చేవారు. చేతులు ఎన్నిసార్లు కాల్చుకున్నారో.

మాఘం వచ్చిందంటే అసలు పని మొదలు. కొండ నడుం చుట్టూ బండిబాటంత వెడల్పున గడ్డి కోసి, ఎండబెట్టి, పొద్దున్నే మంచు తడి ఉండగానే కాల్చేసేవారు. నల్లగా మిగిలిన ఆ ఖాళీ జాగాని లైను అనేవారు. ఎండల్లో కింద ఎక్కడ అడవి అంటుకున్నా, మంట లైను దాకా వచ్చి, తినడానికేమీ దొరక్క చల్లారిపోవాలి. పైన గుగ్గిలం చెట్లూ, ఆ పైన సవరల గూడెమూ ఉండేవి. వాటికి ఆ లైనే కాపు.

వేసవి నాలుగు నెలలకీ లైను మీద కాపలాకి కింది పల్లెలో మనుషుల్ని పెట్టుకునేవారు. వాళ్ళలో ఒకాయన మా ఆయన కంటే వయసులో బాగా పెద్ద. పొడగరి. ఏ మాటన్నా ముందు నవ్వి, తరవాత జవాబు చెప్పేవాడు. ఆయన భార్యే ఆ చోట నాకు దొరికిన మొదటి మనిషి. చోడి అంబలి, అంటే రాగి జావ, కాయడం, కొండచీపుర్లు కట్టడం ఆవిడే నేర్పింది. నేను అప్పా అనేదాన్ని, ఆవిడ నన్ను సెల్లీ అనేది. ఆ వరసన ఆయన మా ఆయనకి అన్న అయ్యాడు. వాళ్ళకి పిల్లలు లేరు. ఆయన తల్లి వాళ్ళతోనే ఉండేది. నడుం వంగిపోయి, చూపు మందగించిన మనిషి.

కొండ కింద, గెడ్డ అనే చిన్న వాగు ఒడ్డున రెండు ఇప్పచెట్లుండేవి. ముందు నుంచీ ఆ ఇంటివాళ్ళే వాటి పువ్వు ఏరుకునేవారు. పువ్వు తెల్లవారుజామున రాలుతుంది. కింద ఎండుటాకు ఉంటే పువ్వు కనబడదు. అందుకని పువ్వు రాలే ముందు చెట్టు కింద ఆకు కాల్చడం అక్కడ అలవాటు. కొండలు అంటుకునేది ఎక్కువ అలాగే.

ఆ ఏడు మా ఆయన ముసలమ్మ దగ్గరికే వెళ్ళి కూర్చున్నారు. నేనూ పక్కన ఉన్నాను.

"అమ్మా, ఈ ఏడు అగ్గి ఎట్టకు. సీపురుతో తుడుసుకో."

"మా అత్త ఎట్టింది, ఆవిడ అత్త ఎట్టింది. కొండ ఎక్కడికైనా ఎల్లిపోనాదేటి బాబూ?" అంది ముసలమ్మ.

కొడుకు పకపకా నవ్వాడు. "అమ్మా, కాపలా నానే గదే. నువ్వు అగ్గెడితే నన్నట్టుకెల్లి జైల్లో ఎడతారు."

"అయితే నువ్వే తుడువు. నా నడుం వంగినాక మరి లెగదు."

మర్నాడు మేమే వెళ్ళి తుడిచాం. అప్ప, ఆవిడ మొగుడు, నేను. ముసలమ్మ బండ మీద కూర్చుని, అక్కడ మిగిలింది, ఇక్కడ మిగిలిందని కేకలేసింది. ఆకు కుప్పలు గెడ్డలోకి తోసేసి, ఆకలేసి, తెచ్చుకున్న అంబలి అక్కడే తాగాం. కొండంటే నా భయం ఆ పొద్దున్న పోయింది.

కానీ ఆకు మళ్ళీ రాలుతుంది గదా. చైత్రంలో ఎండలు ముదిరాక చెట్ల కింద మళ్ళీ మందంగా పరుచుకుంది. కొడుకు లైను మీద, కోడలు చోడి నూర్పిళ్ళలో. ముసలమ్మ చెట్ల దగ్గరికి వెళ్తున్నట్టు ఎవరితోనూ చెప్పలేదు.

ఆ రోజు మధ్యాహ్నం నేనూ, నూర్పిళ్ళ నుంచి వచ్చిన అప్పా మగవాళ్ళకి అంబలి కుండలు ఎత్తుకుని లైను మీదికి వెళ్ళాం. వాళ్ళింకా చేతులు కడుక్కుంటున్నారు. గెడ్డ వైపు నుంచి పొగ లేచింది. మొదట సన్నగా, చూస్తుండగానే తెల్లగా, లావుగా. గాలి కూడా అప్పుడే లేచింది.

మా ఆయన కొమ్మలు విరవమని అందరికీ కేకేశారు. పచ్చికొమ్మలతో కొట్టి లైను దగ్గర మంటని ఆపాలని. అప్ప మొగుడు మాత్రం కొమ్మ విరవలేదు. పొగ వంక చూస్తూ నిలబడిపోయాడు.

"అది మా ఇప్పసెట్ల కాడ," అన్నాడు. "మా అమ్మ ఆడ ఉంటాది."

"ఈ ఏలకి ఇంటికి ఎల్లిపోయుంటాది, అన్నా. ఆగు. గాలి ఇటే తిరుగుతాది." మా ఆయన చెయ్యి పట్టుకున్నారు.

"ముసిల్ది బాబూ. పరిగెట్టలేదు."

చెయ్యి విదిలించుకుని దిగిపోయాడు. పొదల్లో తెల్ల తలగుడ్డ కాస్సేపు కనబడింది. అప్ప, "మావా, మావా" అని అరుస్తూ వెనకాల పడబోతే ఇద్దరు మనుషులు పట్టుకుని ఆపారు. ఇంతలో వెదుళ్ళు పేలడం మొదలయింది. ఆ చప్పుడులో పక్కనున్న మనిషి మాట వినబడలేదు. లైను మీంచి ఎదురు మంట పెట్టమని ఎవరో అరిచారు. పెడితే కిందికి వెళ్ళే మంట పైకొచ్చే మంటకి ఎదురుపడి రెండూ ఆరిపోతాయి. మా ఆయన కాగడా పట్టుకుని కూడా అంటించలేదు. "కింద మనిషున్నాడు," అన్నారు.

మమ్మల్నిద్దర్నీ అవతలి దారిన పల్లెకి పంపేశారు. ముళ్ళూ రాళ్ళూ చూసుకోకుండా పరిగెత్తాం. వీధి మలుపు తిరిగేసరికి అరుగు మీద ముసలమ్మ ఉంది. చాప పరుచుకుని, ఇప్పపువ్వు ఆరబోసుకుంటోంది.

"ఏటే, అలాగ పరిగెట్టుకొస్తన్నారు?" అంది.

అప్ప వీధిలో అలాగే కూలబడింది. నేనే చెప్పాల్సి వచ్చింది. "నువ్వు ఆడున్నావనుకుని దిగినాడమ్మా," అన్నాను. ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. "నానేడున్నాను? ఆ పక్క దారిన ఎప్పుడో వచ్చీసినాను గదా," అంది. ఆ తరవాత చేతిలో పువ్వు చాప మీద పోసి, కొండ వంక తిరిగి చూసింది. అప్ప లేచి, వచ్చిన దారినే కొండ మీదికి పరిగెత్తింది.

లైను నిలిచింది. మంట దాటలేదు. పొద్దు వాలాక గెడ్డలో రెండు బండల మధ్య ఆయన కనబడ్డాడు. నీళ్ళుంటాయని అక్కడికి చేరినట్టున్నాడు. చైత్రం కదా, గెడ్డ ఎండిపోయి ఉంది. మా ఆయనే మరో ముగ్గురితో కలిసి మోసుకొచ్చారు. నన్ను ముఖం చూడనివ్వలేదు.

మూడో రోజు రేంజరు జీపులో వచ్చాడు, వెంట పోలీసులు. అవి ఏజెన్సీ కొండల్లో గొడవలు మొదలైన రోజులు. కొండమనిషి కనబడితే చాలు, అనుమానం. పోడు కోసం సవరలే తగలబెట్టి ఉంటారని ఎవరో అన్నారు. పైగూడెం నుంచి మగవాళ్ళని దింపి ఉసిరి తోపులో వరసగా కూర్చోబెట్టారు. వాళ్ళు మాట్లాడేది పోలీసులకి తెలియదు, పోలీసుల తెలుగు వాళ్ళకి సగమే తెలుసు.

ముసలమ్మ కర్ర ఊతతో వచ్చింది. కొడుకు దహనమైన తెల్లారే. మేమెవరం పిలవలేదు.

"ఆలు కాదు బాబూ," అంది రేంజరుతో. "నానే ఎట్టినాను."

రేంజరు నెమ్మదిగానే అన్నాడు. "ముసలమ్మా, దుఃఖంలో ఏదో అంటున్నావు. ఇంటికెళ్ళు."

"ఉన్నది సెప్తన్నాను. పువ్వు కనబడక, రేపటికని ఆకు కాల్సినాను. కొమ్మతో కొట్టినాను. ఆరిపోనాదనుకున్నాను, నా కళ్ళకి ఏటి కనబడతాది? ఆ పిల్లల్ని ఎల్లనీయండి. ఆల తల్లులు సూస్తన్నారు."

రేంజరు టోపీ తీసి, జీపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. సవరల్ని వదిలేయమన్నాడు. ముసలమ్మ మీద కేసు రాయాలా అని ఒక పోలీసు అడిగితే, "ఆవిణ్ణి ఏ కోర్టుకి తీసికెళ్తావయ్యా?" అని అటు తిరిగిపోయాడు. సవరలు లేచి, వెళ్ళేముందు ఒక్కొక్కరే వచ్చి ఆవిడ ముందు వంగారు. ఆవిడ చూడలేదు.

ఆ ఇంట్లో తరవాత ఇద్దరు ఆడవాళ్ళే మిగిలారు. ఒకరి మొగుణ్ణి, ఒకరి కొడుకుని అదే నిప్పు తీసుకుపోయింది. అది రాజేసిన చెయ్యి ఆ ఇంట్లోనే ఉంది. నేను రోజూ వెళ్ళేదాన్ని. అప్ప అత్తకి అన్నం పెట్టేది, తల దువ్వేది, పలకరించేది మాత్రం కాదు. ఒకరోజు బియ్యం చెరుగుతూ తనే అంది.

"తిడదామంటే నోరు రాదు సెల్లీ. ఆవిడేటి, కావాలని సేసిందా? పోనీ ఊరుకుందామంటే కడుపు రగిలిపోతాది. నాకు మొగుడు, ఆవిడికి కొడుకు. ఎవులు ఎవుల్ని ఓదార్సాలి?"

ముసలమ్మ ఆ వానాకాలం దాటలేదు. జబ్బేమీ లేదు. తిండి తగ్గించుకుంటూ వచ్చింది, అంతే. ఆఖరి రోజుల్లో అప్ప ఆవిణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని గంజి పట్టేది. పోయిన రోజున, మొగుడికి ఏడ్చినదానికంటే ఎక్కువ ఏడ్చింది.

మా ఆయన పని మానలేదు. మరుసటి మాఘంలో లైను ఇంకా వెడల్పు చేయించారు. అప్ప కూడా గడ్డి కోతకి వచ్చేది. కానీ ఇంట్లో ఆయన మాటలు తగ్గిపోయాయి. అన్నం కలుపుతూ మధ్యలో ఆగిపోయేవారు. ఒకసారి మాత్రం, నేను అడక్కుండానే, "చెమట పట్టి ఉంది, అందుకే జారిపోయింది," అన్నారు. ఏది అని నేను అడగలేదు. "మీరు గట్టిగానే పట్టుకున్నారు, నేను చూశాను," అన్నాను. ఆయన తల ఊపారు గానీ, నమ్మినట్టు అనిపించలేదు.

ఆ ఎండలు దాటాక సముద్రం ఒడ్డున సరుగుడు తోటలకి బదిలీ అయింది. సామాను బండి మీద పాతపట్నం చేర్చి, బస్సు కోసం నిలబడ్డాం. అప్ప సాగనంపడానికి అంత దూరమూ నడిచి వచ్చింది.

"అక్కడ కొండ ఉన్నాదేటి?" అని అడిగింది.

"నేదప్పా. ఇసకే. ఇసకలో సరుగుడు సెట్లు."

"అయితే మంచిది," అంది. నా కొంగు సర్ది, బస్సు కదిలేదాకా కిటికీ చువ్వ పట్టుకుని నిలబడింది. నన్ను కాదు, మా ఆయన్ని చూస్తూ, "బాబూ, తిండి తిను. పాడైపోతన్నావు," అంది.

ఆయన బస్సు టెక్కలి చేరేదాకా ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకునే కూర్చున్నారు.