అన్న పేరుతో నలభై రెండు కిలోమీటర్లు

సూర్యం పరుగు పిచ్చి టెల్కో కాలనీలో అందరికీ తెలుసు. హిందీ మాట్లాడే ఊరు, లారీల ఫ్యాక్టరీలో ఫిట్టరు పని. వారానికో షిఫ్టు మారుతుంది. డ్యూటీకి ముందో వెనకో ఓ గంట దొంగిలించి పరిగెత్తాల్సిందే. పాలకని బయల్దేరి ఎక్కడో అవతలున్న సిద్ధగోరా దాకా పోయి, ఎండెక్కాక తిరిగొచ్చిన రోజులున్నాయి. "పాలు తేడానికి పదహారు కిలోమీటర్లేటి? పిల్ల టీ తాగకుండానే బడికెల్లిపోనాది" అనేది భార్య సుధ.

ఈ పిచ్చి అంటించింది అన్న హరికిరణ్. పదేళ్లు ఇద్దరూ కలిసే పరిగెత్తారు. ఎప్పుడూ అన్న ముందు, సూర్యం వెనక. డిసెంబరులో జరిగే నలభై రెండు కిలోమీటర్ల పోటీకి అన్న ఒక్కడే పేరిచ్చాడు. తనవల్ల కాదని సూర్యం ఊరుకున్నాడు. ఆగస్టులో అన్నకి జ్వరమొచ్చింది. అయిదో రోజుకి మనిషి లేడు.

అన్న పరుగు మిగిలిపోయిందన్న దిగులుతో సూర్యానికి తిండి సయించలేదు. చివరికి అన్న ఆధార్ కార్డు చూపించి చొక్కాకి పెట్టుకునే ఆ పోటీ నంబరు కాగితం తనే పట్టుకొచ్చాడు. ఇద్దరివీ ఒకటే పోలికలు కాబట్టి ఎవరూ అడగలేదు. అది తప్పని తెలుసు. అసలు తప్పు మరో చోట ఉందని మాత్రం తట్టలేదు. పోయినవాళ్లని ఏడాది తిరిగేదాకా పేరు పెట్టి పిలవకూడదనేది తల్లి నూకమ్మ కట్టడి. పిలిస్తే వెనక్కి తిరుగుతారట. నాలుగు నెలలుగా ఆ ఇంట్లో ఎవరూ ఆ పేరు పలకలేదు. ఇప్పుడా పేరు నంబరు కింద లావుపాటి హిందీ అక్షరాల్లో అచ్చయి సూర్యం గుండెల మీద ఉంది.

పోటీ రోజు పొద్దున్న మంచు దట్టంగా దిగింది. మొదటి మలుపులోనే ఎవరో కేకేశారు. "హరికిరణ్ భయ్యా, చలో చలో."

 ఆ తర్వాత రోడ్డు పొడుగునా అదే వరస. బడిపిల్లలు, ట్రాఫిక్ పోలీసు, అరటిపళ్లు పంచేవాళ్లు, అందరూ గుండెల మీది పేరు చదివి పిలిచేవాళ్లే. పదిహేనో కిలోమీటరు దాటాక వెనక అడుగుల చప్పుడు మొదలైంది. కుడికాలు గట్టిగా, ఎడమకాలు ఈడ్చినట్టు. మడమ బెణికిన ఏడాది నుంచి అన్న అలాగే పరిగెత్తేవాడు. సూర్యం తిరిగి చూస్తే మంచు తప్ప ఏమీ లేదు.

ఇరవై అయిదో కిలోమీటరు దగ్గర నీళ్లిచ్చే అమ్మాయి రెండు గ్లాసులు చాచింది. "ఏక్ ఆప్‌కే సాథ్‌వాలే కో" అంది, ఒకటి మీతో వచ్చే ఆయనకి అన్నట్టు అతని భుజం వెనక్కి చూస్తూ. సూర్యం రెండూ అందుకున్నాడు. భయపడాల్సిన మనిషికి సంతోషం ముంచుకొచ్చింది. పిచ్చివాడు, అయిదు కిలోమీటర్లు ఆ సంతోషంతోనే పరిగెత్తాడు.

అప్పుడు నడుముకి కట్టుకున్న ఫోను మోగింది. నూకమ్మ.

"ఒరే సూర్యం, వాడి పేరుతో మెసేజీలు వత్తన్నాయి. ఇరవై దాటేడంట, ముప్పై దాటేడంట. మీ అన్న ఇంటి నంబరే ఇచ్చేడు గావాల. ఆ పేరెట్టుకుని నువ్వు పరిగెడతన్నావా? ఊరంతా వాణ్ణి పిలుత్తన్నారా?"

"అవునమ్మా."

"వత్తన్నాడేటి?"

వెనక ఎడమకాలు ఈడ్చిన చప్పుడు. సూర్యానికి అబద్ధం నోట రాలేదు. "వత్తన్నాడు."

నూకమ్మ గొంతు తగ్గించింది. "ఇంటికి తేకురా నాయినా. ఒకసారి పంపీసేను. మల్లీ పంపలేను."

నలభై రెండు దాటాక మంచులోంచి ముగింపు తోరణం కనబడింది. ఆ పేరు గుండెల మీదుండగా దాని కింది గీత దాటితే అన్న కూడా వెంటే ఇంటికొచ్చేస్తాడు. సూర్యానికి తల్లి మీద కోపమొచ్చింది. పదేళ్లు వెనక పరిగెత్తినవాడు ఇప్పుడైనా అన్నని దగ్గరుంచుకుంటే ఈవిడకేం పోయింది? ఆ కోపంలో ఇంకో వందడుగులు వేశాడు. ఆగస్టులో ఆవిడ గుండె బాదుకున్న తీరు కళ్లముందుకొచ్చింది. ఆగిపోయాడు.

పిన్నీసులు విప్పి, నంబరు కాగితం పక్కనున్న తాడుకి తగిలించాడు. "నువ్వెల్లన్నా. ఇది నీ పరుగే. నాను రాను" అన్నాడు. ఏడుపాగలేదు.

చల్లటి గాలి భుజాన్ని రాసుకుంటూ పోయింది. అడుగులు అతన్ని దాటి ముందుకెళ్లాయి, ఎడమకాలు ఈడ్చుకుంటూ. తోరణం కింద ఎవరూ లేరు. అయినా మైకులో గొంతు అన్న పేరు, పూర్తయిన సమయం చదివింది. జనం చప్పట్లు కొట్టారు.

ఇల్లు చేరేసరికి నూకమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఒక్కడివే వచ్చేవా?"

"ఒక్కన్నేనమ్మా. ఎల్లిపోనాడు."

"మంచి పని చేసేవు" అందావిడ. కాళ్లు కడుక్కుని లోపలికి పొమ్మంది. తను మాత్రం గుమ్మంలోంచి కదలకుండా, కొడుకు వచ్చిన రోడ్డు వంకే చూస్తూ ఉండిపోయింది.