నా పేరు మీద ఉన్న బారు హోటల్

మా ఇంట్లో నా చెయ్యి మంచిదని పేరు. నేను పుట్టిన నెలలోనే నాన్నకు ఆఫీసులో ప్రమోషన్ వచ్చిందట. అందులో నేను చేసిందేమీ లేదు, గుక్కపట్టి ఏడవడం తప్ప. అయినా అప్పటి నుంచి కొత్త బియ్యం బస్తా విప్పాలన్నా నేనే, ఆవకాయలో మొదటి గుప్పెడు ఉప్పు వెయ్యాలన్నా నేనే, లాటరీ టికెట్టు తియ్యాలన్నా నేనే. ఒకసారి ఆ టికెట్టుకు ఏదో చిన్న బహుమతి తగిలింది. ఇక నాన్నను పట్టేవాళ్ళు లేరు. ఇంటికి ఏ కాగితం వచ్చినా నా పేరు మీదే రాయించేవాడు.

ఈ నమ్మకమే కొంప ముంచింది. కొంప అంటే మాది కాదు, మేం అద్దెకున్నవాళ్ళం. మునిగింది మా మేనత్త గది.

డెబ్బైలు మొదలై రెండు మూడేళ్ళయి ఉంటుంది. కాకినాడ వైపు నుంచి నాన్న ఉద్యోగం కోసం వచ్చి, అమీర్‌పేటలో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. నేను డిగ్రీ చదువుతున్నాను. నాన్న అక్కయ్య, అంటే మా అత్తయ్య, మాతోనే ఉండేది. ఆమె భర్త పోర్టులో పనిచేసేవాడు. జీతం అందిన రోజు నుంచి జీతం అయిపోయే రోజు దాకా తాగేవాడు. అలా తాగి తాగి నలభై ఐదేళ్ళకే పోయాడు. పిల్లలు లేరు. అత్తయ్య ఒక ఇత్తడి బిందె, నాలుగు గిన్నెలు, ఆయన ఆఫీసు వాళ్ళిచ్చిన డబ్బు పట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. నెలనెలా కాస్త పింఛను వచ్చేది.

ఆవిడది మడి వంట. ఉన్నదేమో ఒక్క వంటిల్లు. అమ్మ మా అందరికీ వండి, డబ్బాలు కట్టి, బయటికి వచ్చేసరికి పది దాటేది. అప్పుడు అత్తయ్య పొయ్యి అలికి, మళ్ళీ తలమీద నీళ్ళు పోసుకుని, తడి చీరతో వంట మొదలెట్టేది. మధ్యలో నేనో అమ్మో పొరపాటున లోపలికి అడుగు పెడితే అంతా మొదటికి. ఆవిడ అన్నం తినేసరికి రెండో మూడో అయ్యేది. వానాకాలంలో ఆ తడి చీర ఆరక వణుకుతూ ఎసరు ముందు కూచోవడం నేను చూశాను. చూసి, నా పుస్తకం తీసుకుని అవతలికి పోయాను.

ఒక్కసారి కూడా అమ్మను పల్లెత్తు మాట అనలేదు. ఒకరోజు మాత్రం డబ్బు మూట తెచ్చి నాన్న ముందు పెట్టింది.

"ఒరేయ్, ఎక్కడైనా నాలుగు గజాల స్థలం చూసి నాకో గది వెయ్యరా. ఒక్క గది చాలు. నా పొయ్యి నాకుంటే మీ ఆవిడకు అడ్డం రాను."

"అలాగే అక్కయ్యా, అదెంత పని!" అన్నాడు నాన్న. నిజంగానే అన్నాడు. మా నాన్న మోసగాడు కాదు. మోసగాడైతే నాకు ఇంత కోపం ఉండేది కాదేమో.

నాన్న ఆఫీసులో పక్క సీటాయన బావమరిది ఒక చిన్న కంపెనీ పెడుతున్నాడు. జూబ్లీహిల్స్ అవతల, మాదాపూర్ దగ్గర బండల మధ్య ఐదు గదుల హోటలు, ఒక బారు. ఊరంతా అటే పెరుగుతుందని అతను ఊదరగొట్టాడు. గది డబ్బు ఇందులో పెడితే రెండేళ్ళకు ఇల్లే వస్తుందన్నాడు. అప్పనంగా వస్తుందంటే నాన్నకు లెక్కలన్నీ సరిగ్గా కనిపించేవి.

నా పేరు మీద షేర్ల కాగితాలు ఇంటికి తెచ్చి, సంతకం పెట్టాల్సిన చోటల్లా పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టి నా ముందుకు జరిపాడు. మా ఇంట్లో ఆడవాళ్ళు సంతకం పెట్టే పద్ధతి అదే. గుర్తు చూడాలి, పెట్టాలి, లేచిపోవాలి. నేను మాత్రం చదివాను.

"నాన్నా, ఇది బారు కదా?"

"హోటలు. బారు అందులో ఓ మూల."

"అత్తయ్యకు తెలుసా?"

"తెలియాల్సిన అవసరమేముంది? గది వేసి తాళం చేతికిస్తే చాలు. నీ చెయ్యి మంచిది, పెట్టు."

పెట్టాను. చిన్నపిల్లను, తెలియక పెట్టాను అని చెప్పుకోవచ్చు గానీ, నాకు ఇరవై ఏళ్ళు, అన్నీ తెలుసు. పైగా కంపెనీ కాగితం మీద నా పూర్తి పేరు అచ్చులో వస్తుందంటే లోపల సంబరంగా కూడా ఉంది.

హోటలు తెరిచాక ఒక ఆదివారం నాన్న నన్ను తీసుకెళ్ళాడు. ఇప్పుడక్కడ అద్దాల మేడలు లేచాయి, కార్లు చీమల బారులా కదులుతాయి. అప్పుడు మాత్రం బండలు, సీతాఫలం చెట్లు, మేకలు. దారి అడుగుదామంటే మనిషి కనపడలేదు. ఇక్కడికి తాగడానికి ఎవరొస్తారని నాకు అనుమానం వచ్చింది. గేటు దగ్గర ఖాకీ చొక్కా వేసుకుని నిలబడ్డవాణ్ణి చూసి ఇద్దరం ఆగిపోయాం. రోజూ సైకిల్ మీద మా ఇంటికి పాలు తెచ్చే మాదాపూర్ ఆయనే.

"సారూ, మీరేంది గిక్కడ?" అన్నాడు అతనూ ఆశ్చర్యపోయి. ఆ జాగా అతనిదేనట. అమ్మితే కొంత డబ్బు ఇచ్చి, చౌకీదారు పని కూడా ఇచ్చారట.

"మా అమ్మాయికి ఇందులో షేర్లున్నాయి," అన్నాడు నాన్న గొప్పగా.

"అయితే ఇగ చిన్నమ్మనే మాకు మాలకిన్ అన్నట్టు!" అని నవ్వి నాకు సలాం కొట్టాడు.

వచ్చేటప్పుడు నాన్న అతన్ని పక్కకు పిలిచి, ఇంట్లో ఈ మాట ఎత్తొద్దని చెప్పాడు. "నాకెందుకు సారూ," అన్నాడతను. మాట నిలబెట్టుకున్నాడు కూడా, తన జీతం ఆగిపోయేదాకా.

మొదటి ఏడాది లాభం కింద కాస్త డబ్బు వచ్చింది. నాన్న మీసం మెలేసి, "చూశావా, ఆ చెయ్యి మహిమ!" అన్నాడు. అత్తయ్యతో మాత్రం గది పనులకు మంచి రోజులొస్తున్నాయని చెప్పాడు. ఆవిడ ఆ సాయంత్రమే తన బిందెకు కళాయి పెట్టించుకుంది. కొత్త గదిలోకి మాసిన బిందెతో వెళ్ళకూడదంది. రెండో ఏడాది డబ్బూ రాలేదు, ఉత్తరమూ రాలేదు. నాన్న పక్క సీటాయనను అడిగితే బావమరిదితో మాటల్లేవన్నాడట.

ఒక పొద్దున్న అమ్మ స్నానానికి వెళ్తే అత్తయ్య పాలగిన్నె పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళింది. నేను వెనకాలే జడ వేసుకుంటున్నాను.

"అమ్మా, సారును జర పిలువుండ్రి," అన్నాడు పాలాయన. "హోటల్ బందయ్యింది. షావుకార్లు పత్తా లేకుండ పోయిండ్రు. నాకు ఏడు నెలల జీతం రావాలె."

"ఏ హోటలు నాయనా?"

"గదే అమ్మా, చిన్నమ్మ పేరు మీద షేర్లున్న బారు హోటల్. మీకు తెల్వదా?"

జడ సగంలో వదిలేశాను. నాన్న గడ్డానికి సబ్బు నురగతోనే పరిగెత్తుకొచ్చాడు. పాలాయన అందరి ముఖాలు చూసి, క్యాన్లు సర్దుకుని వెళ్ళిపోయాడు.

"ఆ డబ్బేనా?" అంది అత్తయ్య.

"రెట్టింపవుతుందని అక్కయ్యా... నీ గది కోసమే..."

"ఆయన బతికున్నన్నాళ్ళూ జీతమంతా అలాంటి గుమ్మంలోనే పోశారు. పోయాక మిగిలింది కూడా అక్కడికే చేర్చావా తమ్ముడూ?"

ఎప్పుడూ 'ఒరేయ్' అనే మనిషి తమ్ముడూ అంది. నాన్న అక్కడే నేలమీద కూలబడ్డాడు. మా నాన్న అలా కూచోగా నేనెప్పుడూ చూడలేదు. నురగ ఎండిపోతున్నా తుడుచుకోలేదు.

ఆవిడ నా వైపు తిరిగింది. "సంతకం నువ్వే పెట్టావా?"

"పెట్టాను."

"చదివే పెట్టావా?"

లేదని అనమన్నట్టు నాన్న నా వైపు చూశాడు. అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. ఆవిడ ముఖం చూశాక అనలేకపోయాను.

"చదివే పెట్టాను అత్తయ్యా."

తల ఊపింది. ఆ రోజు వంటింటి ఛాయలకు రాలేదు. అమ్మ బతిమాలినా మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

మర్నాడు పాలాయన రాకముందే గుమ్మంలో నిలబడింది.

"ఆ హోటల్లో గదులెన్ని?"

"ఐదమ్మా."

"బావి ఉందా?"

"ఉంది. నేను తవ్విన బాయే. తియ్యటి నీళ్ళు."

"తాళాలెవరి దగ్గరున్నాయి?"

"చాబీలు నా తాననే ఉన్నయి. నా జీతం ఇచ్చేదాంక ఎవ్వరికియ్య."

"ఒక గది నాకు తెరిచిపెట్టు నాయనా. నేనొచ్చి ఉంటాను."

పక్కింట్లో మంచినీళ్ళు తాగని మనిషి, బారులో కాపురం పెడతానంటోంది! పాలాయన కూడా బెదిరిపోయాడు. "అమ్మా, అదంత శరాబు తాగిన జాగ," అన్నాడు మెల్లగా.

"తెలుసు. నా మొగుడు బతుకంతా అలాంటి చోటే గడిచింది. నేనొక్కదాన్నే చూడలేదు."

"పరువు పోతుంది అక్కయ్యా," అన్నాడు నాన్న ఏడుపు గొంతుతో. "షేరు కాగితం ఉన్నంత మాత్రాన గదులు మనవి కావు." అది నిజమే, చట్టం తెలిసినవాళ్ళంతా అదే చెప్తారు. ఆవిడ ఆ మాట విననట్టే బిందె తోముకుంది.

పాలాయన ఎడ్లబండి కట్టుకొచ్చాడు. బిందె, గిన్నెలు, కుంపటి, బొగ్గుల సంచి, ఒక ట్రంకు పెట్టె. ఆవిడ నన్ను రమ్మంది, షేరు కాగితాలు తెమ్మంది. నాన్న బయటికి రాలేదు.

హాలు తలుపు తీయగానే పులిసిన వాసన కొట్టింది. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, మూలన ఖాళీ సీసాలు. కిటికీలకు నల్లటి పరదాలు. అత్తయ్య ముక్కు మూసుకోలేదు.

"ఎక్కడ కూచునేవాళ్ళు?" అని అడిగింది. పాలాయన చూపించాడు. ఆవిడ అక్కడ చాలాసేపు నిలబడింది.

"పట్టపగలే ఇంత చీకటి. ఇంటికి దారి ఏం కనిపిస్తుంది," అంది.

ఆ చివర, బండల వైపున్న గది తీసుకుంది. బావిలోంచి తనే నీళ్ళు చేది, ఏడుసార్లు కడిగింది. నేను చేదబోతే వద్దంది. పాలాయన భార్య పేడ తెచ్చిస్తే గుమ్మం అలికింది. మధ్యాహ్నానికి కుంపటి, బిందె, గిన్నెలు తమ తమ చోట్లలో కూచున్నాయి. అలవాటు కొద్దీ నేను అగ్గిపెట్టె అందుకున్నాను. ఏ కొత్త పనైనా నా చేత్తోనే కదా.

"ఆగు," అంది. కొంగు ముడి విప్పి పది రూపాయల కాగితం తీసింది. "ఇది సరిపోతుందా?"

"ఏమిటత్తయ్యా ఇది?"

"అద్దె. కాగితం నీ పేరు మీద ఉందిగా."

వేళాకోళమనుకుని నవ్వబోయాను. ఆవిడ నవ్వడం లేదు.

"ఊరికే ఉంటే ఇదీ ఇంకొకరి ఇల్లే అవుతుంది. అద్దె ఇస్తే నా గది. తీసుకో."

"నీ డబ్బే కదా అత్తయ్యా!" అని ఏడ్చేశాను.

"చదివే పెట్టావుగా."

చెయ్యి చాపాను. ఆవిడ నోటు నా అరచేతిలో పెట్టి, రెండో చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుంది.

"ఈ పొయ్యి నేను వెలిగించుకుంటాను," అంది.

కోర్టువాళ్ళు వచ్చి సీలు వేసేదాకా, పద్నాలుగు నెలలు అక్కడే ఉంది. తొమ్మిదింటికల్లా అన్నం తినేసేదట. ప్రతి నెలా ఒకటో తారీఖున పాలతో పాటు పది రూపాయల నోటు వచ్చేది. "చిన్నమ్మా, అమ్మ కిరాయి పంపింది," అని పాలాయన గుమ్మంలోంచి కేకేసేవాడు. ఆ మాట వినపడగానే నాన్న లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. నేను వెళ్ళి తీసుకునేదాన్ని. తీసుకోకపోతే ఆ రోజు పొయ్యి వెలిగించనని అత్తయ్య అతనితో చెప్పి పంపేది.